ట్రైలర్ మీంచి నీళ్ళలోకి: చిన్న బోటు దించే పద్ధతి

(చిన్న బోట్లు కొత్తగా కొన్నవాళ్ళ కోసం సికింద్రాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే. నాకు మైకు అలవాటు లేదు, షెడ్డులో గ్రైండర్ మోత మీద అరవడమే అలవాటు. మరీ గట్టిగా మాట్లాడుతుంటే చెయ్యెత్తండి, తగ్గిస్తాను.

నా పని అవుట్‌బోర్డ్ ఇంజిన్లు (బోటు వెనక బయట తగిలించేవి), బోటు ట్రైలర్లు రిపేరు చెయ్యడం. అందుకని నీళ్ళ మీద బోటు ఎలా నడపాలో నేను చెప్పను, అది నేర్పేవాళ్ళు మీకు వేరే ఉన్నారు. ట్రైలర్ మీదున్న బోటు నీళ్ళలోకి ఎలా దిగాలి, సాయంత్రం మళ్ళీ ట్రైలర్ మీదకి ఎలా ఎక్కాలి, ఇదొక్కటే చెప్తాను. నా దగ్గరికి వచ్చే బోట్లలో నడినీళ్ళలో దెబ్బతిన్నవి తక్కువ. రేవులో దెబ్బతిన్నవే ఎక్కువ. అవి కూడా చాలావరకు గట్టు మీద చెయ్యాల్సిన పని గట్టు మీద చెయ్యకపోవడం వల్లే.

మీలో చాలామంది హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నవాళ్ళు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ అనే చిన్న తెరచాప పడవ డొక్క 35 కిలోలు. ఒక్కరు నడిపే లేజర్ పడవ కూడా 60 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. ట్రాలీ మీద పెట్టి ఇద్దరు తోస్తే నీళ్ళలోకి పోతుంది. ఆ అలవాటుతోనే ఇప్పుడు పద్నాలుగు అడుగుల ఫైబర్ బోటు కొన్నారు. బోటు, ఇంజిన్, పెట్రోలు డబ్బా, బ్యాటరీ, లంగరు, ట్రైలర్ అన్నీ కలిపితే ఐదొందల కిలోలు ఏ మూలకి? పైగా హుస్సేన్ సాగర్‌లో ప్రవాహం లేదు. అక్కడ దించినట్టే కృష్ణలో దించుతామంటే కుదరదు.

ఒక చిన్న లెక్క చూడండి. మంచి ర్యాంపు వాలు నూటికి 12 నుంచి 15 ఉంటుంది. అంటే వంద అడుగులు వెళ్తే 12 నుంచి 15 అడుగులు కిందికి దిగుతాం. చూడ్డానికి ఏమంత వాలు కాదు. కానీ 15 వాలు మీద 500 కిలోల ట్రైలర్ కిందికి లాగే లాగుడు 75 కిలోల దాకా ఉంటుంది. దాని ముందున్న బండి 1700 కిలోలనుకోండి, దాని వంతు ఇంకో 250. ఈ మొత్తాన్నీ హ్యాండ్ బ్రేకు ఆపాలి. మన బండ్లలో ఎక్కువవాటికి హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఆ వెనక చక్రాలు ఆ టైముకి ఎక్కడున్నాయి? నీటి అంచున, నాచు మీద! బ్రేకు చక్రాన్ని బాగానే పట్టుకుంటుంది, చక్రమే నేలని పట్టుకోదు. అందుకే బ్రేకుతో పాటు ఫస్ట్ గేరు వెయ్యాలి, చక్రం వెనక చెక్క దిమ్మ పెట్టాలి. ఈ మూడూ ఉంటేనే డ్రైవరు కిందికి దిగాలి. దిమ్మకి ఒక తాడు కట్టి బండికి తగిలించండి. బండి పైకి వెళ్తుంటే దిమ్మ దానంతటదే వెంట వస్తుంది. లేకపోతే అది రేవులోనే ఉండిపోతుంది, తర్వాత వచ్చినవాడి చక్రం దాని మీదకెక్కుతుంది.

ఏ బండి మంచిదని అడుగుతుంటారు. బొలెరో లాంటివాటికి ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలని, అవేమో తడిలో ఉంటాయి. మామూలు కార్లకి ముందు చక్రాలు, అవి పొడి నేల మీదే ఉంటాయి గానీ వెనక ట్రైలర్ బరువు పడి ముందు భాగం తేలికవుతుంది, పట్టు తగ్గుతుంది. రెండింటికీ లోపముంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే హాయి. లేనివాళ్ళు నాచు లేని రేవు వెతుక్కోవాలి, లేదా నాచు గీకడానికి ఒక గట్టి చీపురు పెట్టుకోవాలి. నేను వేళాకోళం ఆడట్లేదు. చీపురు నిజంగానే పెట్టుకోండి.

ఇంకో చిక్కుంది. మన నదుల ఒడ్డున ఎక్కడ చూసినా మెట్లే. పుష్కరాలకు కట్టిన ఘాట్లన్నీ స్నానాలకు, ట్రైలర్‌కి మెట్లతో ఏం పని? మనకి కావాల్సిన ఏటవాలు దొరికేది టూరిజం బోట్లు దించే చోట, లేదా ఊరివాళ్ళు ట్రాక్టర్లు దింపే రేవుల్లో. ఆ రేవు మన కోసం పుట్టింది కాదు. అక్కడ గేదెలు దిగుతాయి, బట్టలుతుకుతారు, పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్ళు వలలు ఆరేసుకుంటారు. మనం హారన్ కొట్టుకుంటూ వెళ్తే వాళ్ళు పక్కకి జరుగుతారు, కానీ నోరు విప్పరు. దిగి, "అన్నా, కిందికి ఎంత దూరం గట్టి నేల ఉంది? రాయేమైనా ఉందా?" అని అడిగితే ఏ యాప్‌లోనూ దొరకని సంగతులు చెప్తారు. నిరుటి వరదకి ఒండ్రు ఎక్కడ మేటవేసిందో వాళ్ళకి తెలుసు, మనకి తెలీదు.

జలాశయాల్లో అయితే నీటిమట్టం ఒక చోట ఉండదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జున సాగర్‌ది 590. వానాకాలంలో ఆ అంచు దాకా వస్తాయి, ఎండాకాలానికి ఎక్కడికో దిగిపోతాయి. శ్రీశైలం వెనక జలాల్లో సంగమేశ్వరం గుడి నెలల తరబడి మునిగి ఉండి, మట్టం తగ్గాక బయటపడుతుంది కదా. గుడంత గుడే మునిగి తేలే చోట మీ ర్యాంపు ఒక లెక్కా? అక్టోబర్‌లో బ్రహ్మాండంగా ఉన్న రేవు ఏప్రిల్‌లో నీటికి అందదు. కాంక్రీటు అయిపోయిన చోట బురదో గొయ్యో ఉంటుంది. కాంక్రీటు చివర గొయ్యి పడడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొందరు సాయంత్రం బోటుని ఇంజిన్ జోరు మీద ట్రైలర్ ఎక్కిస్తారు. ఆ ప్రొపెల్లర్ తోసే నీళ్ళు వెనకున్న మట్టిని తవ్వేస్తాయి. ట్రైలర్ చక్రం ఆ గోతిలోకి జారిందంటే కాంక్రీటు అంచుకి ఇరుసు తగులుకుంటుంది, బండి ఎంత లాగినా రాదు. కాబట్టి ముందు ఒక వెదురు గెడతో పొడిచి చూడండి. మోకాలి లోతు దాకా నడిచి చూడండి. బండి స్టార్ట్ చెయ్యడం ఆ తర్వాత.

ఇప్పుడు బేరింగుల సంగతి. ఇది కొంచెం నిదానంగా చెప్తాను, నా తిండి దీని మీదే కాబట్టి. (నవ్వులు)

ఇక్కణ్ణుంచి నాగార్జున సాగర్ 150 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత దూరం తిరిగిన ట్రైలర్ హబ్, అంటే చక్రం మధ్యలో బేరింగులుండే డబ్బా, వేడెక్కి ఉంటుంది. లోపల గ్రీజు పల్చబడుతుంది, గాలి వ్యాకోచిస్తుంది. రేవు చేరగానే ఆ వేడి హబ్‌ని చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నింపుకోవడానికి ఆయిల్ సీల్ (గ్రీజు బయటికి, నీళ్ళు లోపలికి పోకుండా ఉండే రబ్బరు రింగు) పక్క నుంచి నీళ్ళని లోపలికి పీలుస్తుంది. ఆ రోజు మీకేమీ తెలియదు. బోటు దించుతారు, తిరుగుతారు, ఇంటికొస్తారు. ట్రైలర్ నెల రోజులు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిలబడుతుంది. లోపల నీళ్ళు కలిసిన గ్రీజు తెల్లబడి, బేరింగ్ గుళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ తుప్పు మచ్చ పడుతుంది. మళ్ళీ హైవే ఎక్కాక ఆ మచ్చ గరగర మంటుంది, హబ్ కాలుతుంది, ఆఖరికి చక్రం ఊడి మీకంటే ముందు పోతుంది. మొన్న ఒక హబ్ విప్పితే గుళ్ళు పట్టే జాలీ ముక్కలు ముక్కలుగా చేతిలోకొచ్చింది. బోటు కొత్తది, ఇంకా సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

కాబట్టి దారిలో టీకి ఆగినప్పుడల్లా హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి నిలవకపోతే బేరింగ్ బిగువైనా అయ్యుండాలి, గ్రీజైనా అయిపోయుండాలి. రేవు చేరాక నీళ్ళలోకి తొందరపడకండి. హబ్ చల్లారనివ్వండి. అది చల్లారేలోపు చెయ్యాల్సిన పని గట్టు మీద బోలెడుంది.

ఏం పని? రేవుకి దూరంగా, ఎవరికీ అడ్డం లేని చోట బండి ఆపి బోటు చుట్టూ ఒకసారి తిరగండి. బోటు వెనక భాగాన్ని ట్రైలర్‌కి బిగించిన రాచెట్ బెల్టులు విప్పండి. ఇవి మర్చిపోతే ట్రైలర్ మునుగుతుంది, బోటు దానికి అతుక్కునే ఉంటుంది, తేలాల్సింది తేలదు. తర్వాత డ్రెయిన్ ప్లగ్. బోటు వెనక కింద, నీళ్ళు పోవడానికి ఉండే కన్నానికి బిరడా. అంగుళం కన్నమే కదా అనుకోకండి. నీటికి జానెడు కిందున్న అంగుళం కన్నంలోంచి మొదట్లో నిమిషానికి 30 లీటర్ల పైనే లోపలికి వస్తాయి. మీరు బండి పార్క్ చేసి, తాళం వేసి, చెప్పులు చేత పట్టుకుని తిరిగొచ్చేసరికి బోటులో నాలుగైదు మనుషుల బరువు నీళ్ళుంటాయి. ప్లగ్‌ని కారు తాళం గుత్తికే తగిలించుకోండి. ప్లగ్ పెట్టందే బండి స్టార్ట్ కాదు, అదీ ఏర్పాటు.

లైఫ్ జాకెట్లు, తెడ్డు, లంగరు, పెట్రోలు, నీళ్ళ సీసాలు, చేపల గాలాలు, పులిహోర డబ్బా అన్నీ ఇక్కడే ఎక్కించండి. లైఫ్ జాకెట్లు డిక్కీలో పెట్టుకునే వస్తువులు కావు, రేవులో దిగకముందే వంటి మీద ఉండాలి. బోటు ముక్కుకి ఒక తాడు, వెనక ఒక తాడు కట్టండి. ట్రైలర్ లైట్ల వైరు ప్లగ్ ఊడదియ్యండి, వేడి బల్బు చల్లటి నీళ్ళు తగిలితే పగులుతుంది. ఇంజిన్ని పైకి ఎత్తి లాక్ చెయ్యండి, లేకపోతే ప్రొపెల్లర్ కాంక్రీటుకి గీసుకుంటుంది. ఒక్కటి మాత్రం విప్పకూడదు. ముందుండే వించ్ (బోటుని లాగి పట్టుకునే చేతి మర) బెల్టు, దాని పక్కనుండే గొలుసు. ట్యాంక్ బండ్ మీద నిమజ్జనం చూశారు కదా. విగ్రహం నీళ్ళకి తగలకముందే క్రేన్ హుక్ విప్పుతారా? ఇక్కడా అంతే. వాలు మీద వించ్ విప్పితే బోటు రోలర్ల మీంచి జారి కాంక్రీటు మీద పడుతుంది. ఫైబర్ డొక్క అలా పగిలితే ఆ అతుకు ఎవరు వేసినా అతుకే.

ఈ పనంతా ర్యాంపు మీద నిలబడి చేసేవాళ్ళని చూస్తుంటాను. వెనక మూడు బండ్లు ఆగి ఉంటాయి, ఈయన తీరిగ్గా కూలింగ్ గ్లాసులు వెతుక్కుంటుంటాడు. వెనకవాళ్ళు అరిచేకొద్దీ ఈయనకి టెన్షన్. ఆ టెన్షన్‌లోనే బెల్టు మర్చిపోతాడు, ప్లగ్ మర్చిపోతాడు. గట్టు మీద పావుగంట పడితే పట్టనివ్వండి, ర్యాంపు మీద రెండు నిమిషాలు చాలు.

రివర్స్ చెయ్యడం దగ్గర అందరికీ భయం. దానికి ఉపాయం చిన్నదే. స్టీరింగ్‌ని కింది భాగంలో, గడియారంలో ఆరు ఉండే చోట పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటే జరపండి. ఎడమకి పోవాలంటే చెయ్యి ఎడమకి. కొద్దికొద్దిగా తిప్పండి, వెంటనే సర్దండి. పొట్టి ట్రైలర్ చాలా చురుకు, కన్ను మూసి తెరిచేలోగా మడత పడిపోతుంది. పొడవాటిది నయం, నిదానంగా తిరుగుతుంది. వంకర పోతోందనిపిస్తే అక్కడే కుస్తీ పట్టకండి. నాలుగడుగులు ముందుకెళ్ళి నిటారు చేసుకుని మళ్ళీ రండి. మనవాళ్ళకి ఇది నామోషీ. ముందుకెళ్ళడమంటే ఓడిపోయినట్టు ఫీలవుతారు. ట్రైలర్ దగ్గర రోషం పనికిరాదు.

సైగలు చేసేది ఒక్కరే ఉండాలి. పదిమంది చుట్టూ చేరి తలా ఒకటి చెప్తే డ్రైవరుకి పిచ్చెక్కుతుంది. "రైట్ రైట్" అని మాత్రం అరవకండి. బస్సు ఎక్కి పెరిగిన ప్రాణానికి అది పోనియ్యమని వినిపిస్తుంది, మీరు కుడికి తిప్పమన్నారేమో! చేతితో చూపించండి. డ్రైవరు అద్దంలో మీ మొహం కనబడే చోట నిలబడండి. ట్రైలర్ వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు, పిల్లలు అసలే వద్దు. డ్రైవరు సీటు బెల్టు తీసేసి, అద్దాలు దించి ఉంచుకోవాలి. బండి జారి నీళ్ళలోకి పోతే బయటపడే దారి కావాలి కదా.

ఎంత లోతుకి దించాలి? చెక్క పట్టీల మీద కూర్చునే బోటైతే ట్రైలర్ మడ్‌గార్డులు తడిసే దాకా. రోలర్లున్నదైతే అంత లోతు అక్కర్లేదు. బోటు వెనక భాగం కొంచెం తేలుతున్నట్టు ఊగితే చాలు. బండి సైలెన్సర్ గొట్టం నీళ్ళకి దగ్గరపడిందంటే మీరు అవసరానికి మించి దిగారు. అప్పుడు బండి ఆపి, గేరు, బ్రేకు, దిమ్మ. ముక్కు తాడు ఒకరి చేతికిచ్చి, ఆ తర్వాతే వించ్ బెల్టు, గొలుసు విప్పాలి. వించ్ హ్యాండిల్ తిరిగే దారిలో చెయ్యి, మొహం పెట్టకండి. లాక్ వదిలితే అది గిర్రున తిరుగుతుంది, మణికట్టు విరగ్గొడుతుంది.

బోటు తేలాక ఇంజిన్ దించి స్టార్ట్ చెయ్యండి. ఇంజిన్ పక్క నుంచి సన్నటి నీటి ధార రావాలి. అది వస్తుంటే కూలింగ్ పని చేస్తున్నట్టు. రాకపోతే వెంటనే ఆపండి. మన చెరువుల్లో గుర్రపు డెక్క, నాచు ఇంజిన్ నీళ్ళు పీల్చే జాలీకి అడ్డం పడతాయి. కిల్ స్విచ్ తాడు (నడిపేవాడు పడిపోతే ఊడి ఇంజిన్ ఆపేది) నడిపేవాడి ఒంటికి తగిలించి ఉండాలి. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు కూర్చోవాలి. బరువు పైకి పోతే పడవ ఒరుగుతుంది. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జ్ మన హుస్సేన్ సాగర్‌లోనే ఒరిగింది, మనుషులు చనిపోయారు, విగ్రహం నీళ్ళ అడుక్కి పోయింది. మళ్ళీ పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబర్ అయింది. అలలు లేని చెరువులోనే అంత పని జరిగింది.

నదిలో అదనంగా చూసుకోవాల్సింది ప్రవాహం. బోటు ట్రైలర్ వదలగానే దాని వెనక భాగం దిగువకి కొట్టుకుపోతుంది. ముక్కు తాడు పట్టుకున్న మనిషి ట్రైలర్‌కి దిగువ వైపు ఉంటే, బోటు తిరిగి ఆ వైపే ఒడ్డుకి చేరుతుంది, తాడు ట్రైలర్‌కి చుట్టుకోదు. ఆ మనిషి గట్టు మీదుండాలి, నీళ్ళలో కాదు. నీళ్ళలో ఉంటే బోటు వచ్చి ఒడ్డుకి అదిమేస్తుంది. తాడు చేతికి చుట్టుకోవద్దు, ఊరికే పట్టుకోండి.

డ్యామ్ కింద రేవైతే నేను అసలు దించొద్దనే అంటాను. పైన గేట్లెత్తితే కింద నీళ్ళు నిమిషాల్లో పెరుగుతాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో అలాగే లార్జి డ్యామ్ నీళ్ళు వదిలితే మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఒడ్డున రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పిల్లలు. సైరన్ వినబడితే సామాను వదిలేసి పైకి రండి. వినబడకపోయినా నీళ్ళ రంగు మారినా, చెత్తా కొమ్మలూ కొట్టుకొస్తున్నా పైకి వచ్చెయ్యండి.

సాయంత్రం ఎక్కించేటప్పుడు బోటుని దిగువ నుంచి ఎగువకి తీసుకురండి. ఎదురు ప్రవాహంలో నెమ్మదిగా వస్తే బోటు మీ మాట వింటుంది. ట్రైలర్‌ని మరీ లోతుగా ముంచితే బోటు దాని మీద కుదురుగా కూర్చోదు, అటూఇటూ ఊగుతుంది. ముక్కు రోలర్‌కి తగిలాక వించ్‌తో లాగండి, ఇంజిన్‌తో తొయ్యకండి. ఆ గొయ్యి సంగతి చెప్పాను కదా. గొలుసు తగిలించి ఇంజిన్ ఎత్తి పైకి రండి. ప్లగ్ తియ్యండి, నీళ్ళు కారనివ్వండి. బోటుకీ ట్రైలర్‌కీ పట్టుకున్న గుర్రపు డెక్క, నాచు ఒక్క ముక్క లేకుండా అక్కడే దులిపెయ్యండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క ఇక్కడి చెరువులన్నీ మింగింది. దాన్ని ట్రైలర్ మీద ఎక్కించి ఇంకో జలాశయానికి పంపడం మన పని కాదు.

కాగితాల గురించి ఒక్క మాట. ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలి. ఇంజిన్ ఉన్న బోట్లకి 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఉంది. ఏ జలాశయంలో దించుతున్నారో అక్కడి నీటిపారుదల శాఖ వాళ్ళని ముందే అడగండి. సరే, ప్రశ్నలు?

(ఒక మహిళ: నేనొక్కదాన్నే దించగలనా? తోడు వచ్చేవాళ్ళు దొరకరండీ.)

దించొచ్చమ్మా, నిలవ నీళ్ళలో. పొడుగు తాడు తీసుకుని ఒక కొస బోటు ముక్కుకి, ఇంకో కొస ట్రైలర్ వించ్ స్తంభానికి కట్టండి. దించి, బండి ఆపి గేరు, బ్రేకు, దిమ్మ వేసి, వించ్ విప్పండి. బోటు తేలి వెనక్కి పోయి తాడు చివర ఆగుతుంది. దిమ్మ తీసి, బండిని నిదానంగా కొన్ని అడుగులు పైకి నడపండి, ట్రైలర్ బయటికొస్తుంది. మళ్ళీ గేరు, బ్రేకు, దిమ్మ. అప్పుడు తాడు విప్పి బోటుని పక్కకి నడిపించుకెళ్ళి కట్టెయ్యండి. ప్రవాహం ఉన్న నదిలో మాత్రం ఒంటరిగా వద్దు. రేవులో ఉన్న ఎవరినో ఒకరిని పిలవండి, తాడు పట్టుకోమంటే కాదనే మనిషిని నేను కృష్ణ ఒడ్డున చూడలేదు.

(ఒకరు: వాటర్‌ప్రూఫ్ గ్రీజు వేస్తే హబ్ చల్లారే దాకా ఆగక్కర్లేదా?)

ఆగాలండీ. మెరైన్ గ్రీజు నీళ్ళకి త్వరగా కరగదు, అంతవరకే. నీళ్ళు లోపలికి రాకుండా అది ఆపదు. ఆపేది సీల్, ఆ సీల్ పాతబడుతుంది. ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్పించండి. నా దగ్గరే అక్కర్లేదు, ఎవరి దగ్గరైనా సరే.

బయట పార్కింగ్‌లో ఖాళీ ట్రైలర్ తగిలించి పెట్టాం, కోన్లు కూడా ఉన్నాయి. టీ తాగాక లైసెన్సు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి రివర్స్ చెయ్యండి. ముందు వరసలో వాళ్ళతో మొదలుపెడదాం. మిగతావాళ్ళు దయచేసి "రైట్ రైట్" అనకుండా నిలబడండి. (నవ్వులు)